ఆగిన లారీలో ఆగని ఇంజను

లారీ ఇంజను ఏమి చేస్తుందని అడిగితే, చక్రాలను తిప్పుతుందని ఏ పిల్లవాడైనా చెబుతాడు. ఆ జవాబు తప్పు కాదు, కాని సగమే. చక్రాలు కదలకుండా లారీ గంటల తరబడి ఒకేచోట నిలిచి ఉన్నప్పుడు కూడ ఇంజను తిరుగుతూ ఉండడం మనం చూస్తూనే ఉన్నాము. విశాఖపట్నంలో రేవుకు పోయే దారుల వెంట, ఉక్కునగరం పరిసరాలలో, జాతీయ రహదారి పక్కన లారీలు ఆగే స్థలాలలో ఇది నిత్యమూ కనబడేదే. సరుకు ఒక్క అడుగు ముందుకు పోవడం లేదు. అయినా డీజిలు ఖర్చవుతున్నది, పొగ వస్తున్నది. అప్పుడు ఆ ఇంజను ఎవరికోసం పనిచేస్తున్నట్లు?

అది లారీమీద ఉన్న ఇతర యంత్రాలకోసం పనిచేస్తున్నది. ఆ చిన్న యంత్రాలను పెద్ద ఇంజనునుంచి విడదీసి విద్యుత్తుతో నడిపితే ఎంత ఇంధనం మిగులుతుంది, ఎంత పొగ తగ్గుతుంది, అందులో చిక్కులేమిటి అన్నదే ఈ వ్యాసంలోని విషయం. లారీని మొత్తంగా విద్యుత్ వాహనంగా మార్చడం పెద్ద సంగతి. దానికి చాలా ధనం, చాలా కాలం కావాలి. దానికంటె ముందే, ఇప్పుడున్న డీజిలు లారీలమీదనే చేయదగిన పని ఒకటి ఉన్నదని ఇక్కడ లెక్కలతో చూద్దాము.

ఒక ఇంజనుకు ఎన్ని పనులు!

లారీ ముందుభాగం తెరచి చూస్తే ఇంజనును చుట్టుకొని బెల్టులు, పళ్ళచక్రాలు కనబడతాయి. వాటిద్వారా అయిదారు యంత్రాలు నడుస్తుంటాయి. బ్రేకులకు కావలసిన గాలిని నొక్కి ట్యాంకులలో నింపే కంప్రెసరు ఒకటి. స్టీరింగును తేలిక చేసే నూనె పంపు ఒకటి. ఇంజనును చల్లబరచే నీటి పంపు, రేడియేటరు ఫ్యాను, దీపాలకూ బాటరీకీ విద్యుత్తు ఇచ్చే ఆల్టర్నేటరు, డ్రైవరు కూర్చునే క్యాబినును చల్లబరచే కంప్రెసరు మిగిలినవి. టిప్పరులో వీటికి తోడు బాడీని పైకెత్తే నూనె పంపు ఉంటుంది. కాంక్రీటు బండిలో పెద్ద డ్రమ్మును తిప్పే ఏర్పాటు ఉంటుంది.

ఈ అమరికలో ఒక మౌలికమైన లోపం ఉన్నది. బెల్టుతో కట్టిన యంత్రం ఇంజను ఎంత వేగంగా తిరిగితే అంత వేగంగా తిరుగుతుంది. దాని అవసరం ఎంతో దానికి సంబంధం లేదు. లారీ ఆగి ఉన్నప్పుడు, ఉన్నట్టుండి “ఉస్” మని గాలి వదలిన శబ్దం వినబడుతుంది కదా! బ్రేకు ట్యాంకులు నిండినప్పుడు వచ్చే శబ్దమది. ట్యాంకులు నిండిన తరువాత కూడ చాలా లారీలలో కంప్రెసరు ఆగదు. గాలిని నింపకుండా వట్టినే తిరుగుతూ కొంత శక్తిని తింటూనే ఉంటుంది. స్టీరింగు పంపు కూడ అంతే. డ్రైవరు చక్రాన్ని తిప్పినా, తిప్పకపోయినా అది నూనెను తిప్పుతూనే ఉంటుంది.

ఫ్యాను సంగతి మరింత గమనింపదగినది. ఫ్యానుకు కావలసిన సామర్థ్యం దాని వేగానికి ఘనంగా పెరుగుతుంది. వేగం రెండింతలైతే సామర్థ్యం 2 × 2 × 2, అనగా 8 రెట్లు కావాలి. భారీ లారీ ఫ్యాను పూర్తి వేగంతో తిరిగేటప్పుడు 10 కిలోవాట్లకు పైగా తీసుకొంటుంది. అంత గాలి అవసరం లేనప్పుడు వేగం సగానికి తగ్గిస్తే ఖర్చు ఎనిమిదవ వంతుకు పడిపోవాలి. ఇంజనుకు గట్టిగా కట్టివేసిన ఫ్యాను ఆ పని చేయలేదు. అందుకే వేడినిబట్టి పట్టు సడలే క్లచ్చిని ఫ్యానుకు అమర్చడం ఎన్నడో మొదలయింది. విద్యుత్ మోటారు ఇంకా మేలు: కావలసినప్పుడు, కావలసినంత వేగంతో తిరిగి, అవసరం తీరగానే ఆగిపోతుంది.

ఏనుగుచేత సూది మోయించడం

ఇప్పుడు ఆగి ఉన్న లారీకి వద్దాము. డీజిలు లీటరు మండితే సుమారు 10 యూనిట్ల ఉష్ణశక్తి వస్తుంది. యూనిట్టు అంటే మన ఇళ్ళలోని మీటరు లెక్కించేదే: ఒక కిలోవాటు చొప్పున ఒక గంటపాటు వాడిన శక్తి. రోడ్డుమీద బరువు లాగుతున్నప్పుడు మంచి డీజిలు ఇంజను ఇందులో సుమారు 40 శాతాన్ని పనిగా మార్చగలదు. అంతర్దహన యంత్రాలలో ఇది మెచ్చదగిన దక్షతే.

ఊరక తిరిగే ఇంజను కథ వేరు. దాని పరిమాణాన్నిబట్టి గంటకు సుమారు 1 నుంచి 3 లీటర్ల డీజిలు ఖర్చవుతుంది. మధ్యస్థంగా 2 లీటర్లు అనుకొందాము; అనగా 20 యూనిట్ల ఉష్ణం. క్యాబినులో ఒక మనిషి చల్లగా పడుకొనడానికి కావలసినది గంటకు సుమారు 1 యూనిట్టు. 20 యూనిట్లు పోసి 1 యూనిట్టు పని తీసుకొన్నట్లు. దక్షత 5 శాతం! మిగిలినదంతా పిస్టన్ల ఘర్షణను గెలవడానికీ, గాలిని పీల్చి వదలడానికీ, లోహాన్ని వేడిచేయడానికీ సరిపోతుంది. వందల అశ్వశక్తులకోసం నిర్మించిన యంత్రంచేత ఒకటిన్నర అశ్వశక్తి పని చేయించడం ఏనుగుచేత సూది మోయించడం వంటిది. సూది బరువెంతైనా ఏనుగుకు మేత తగ్గదు.

ఇందులో ఇంకొక హాని దాగి ఉన్నది. 2020 ఏప్రిల్ 1 నుంచి మనదేశంలో అమ్మే కొత్త వాహనాలకు భారత్ స్టేజి-6 నియమాలు వర్తిస్తున్నాయి. ఆ నియమాల ప్రకారం తయారయిన భారీ లారీల పొగగొట్టంలో ఒక చిన్న రసాయనశాల వంటిది ఉంటుంది. అక్కడ యూరియా ద్రావణాన్ని చిమ్ముతారు. దాని నుంచి పుట్టిన అమ్మోనియా, ఉత్ప్రేరకం సాయంతో నత్రజని ఆక్సైడులను మామూలు నత్రజనిగా, నీటి ఆవిరిగా మారుస్తుంది. కాని ఈ ప్రక్రియ చక్కగా జరగాలంటే పొగ ఉష్ణోగ్రత సుమారు 200 డిగ్రీల సెంటీగ్రేడయినా ఉండాలి. బరువు లేకుండా తిరిగే ఇంజను పొగ అంతకంటె చల్లగా ఉంటుంది. కనుక శుద్ధిచేసే పరికరం ఉన్నా, చాలాసేపు ఊరక తిరిగే లారీలో అది నిద్రపోతుంది. మసిని పట్టే జల్లెడ కూడ ఇటువంటి వాడకంవల్ల త్వరగా పూడుతుంది.

రాత్రి ఎనిమిది గంటల లెక్క

2025లో అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం మనదేశంలో కొత్తగా తయారయ్యే మధ్యరకం, భారీ లారీల క్యాబినులకు ఎయిర్ కండిషనింగ్ తప్పనిసరి అయింది. మే నెల ఎండలో ఇంజను పక్కన కూర్చొని పగలంతా బండి నడిపే మనిషికి ఇది ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. కాని మామూలు పద్ధతిలో ఆ కంప్రెసరు ఇంజను బెల్టుతోనే నడుస్తుంది. ఇంజను ఆపితే చల్లదనం ఆగుతుంది. రేవు గేటు దగ్గర వంతుకోసం కాచుకొని రాత్రి అక్కడే నిద్రించే డ్రైవరుకు రెండే దారులు మిగులుతాయి: ఇంజను నడుపుతూ పొగలో పడుకొనడం, లేదా ఇంజను ఆపి ఉక్కలో, దోమలలో పడుకొనడం. తెల్లవారి 40 టన్నుల బండిని రహదారిమీద నడిపేది ఆ నిద్ర చాలని కళ్ళే.

మూడవ దారి బాటరీ. దీని లెక్క చూద్దాము. గంటకు 1 యూనిట్టు చొప్పున 8 గంటలకు 8 యూనిట్లు కావాలి.

మొదటిది, ఇంజనును ఊరక తిప్పితే: గంటకు 2 లీటర్ల చొప్పున 16 లీటర్లు. లీటరు డీజిలు మండితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడు వస్తుంది కనుక మొత్తం 43 కిలోలు.

రెండవది, పగలు బండి నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటరుతో బాటరీ నింపి, రాత్రి ఇంజను ఆపి వాడితే: ఇంజను దక్షత 40 శాతం, ఆల్టర్నేటరుది 60 శాతం, బాటరీలో పోసి తీయడంలో 90 శాతం. మూడింటినీ గుణిస్తే సుమారు 22 శాతం. 8 యూనిట్లకు 37 యూనిట్ల డీజిలు ఉష్ణం, అనగా 3.7 లీటర్లు చాలు. కార్బన్ డయాక్సైడు 10 కిలోలు.

మూడవది, బాటరీని విద్యుత్ తీగనుంచి నింపితే: మనదేశపు విద్యుత్తులో ఎక్కువభాగం నేటికీ బొగ్గునుంచే వస్తున్నది, యూనిట్టుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడు పడుతుంది. తీగలలో, చార్జరులో పోయేది కూడ కలుపుకొంటే 8 యూనిట్లకు 7 లేక 8 కిలోలు.

ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి: 43, 10, 8. మొదటి దానికీ రెండవ దానికీ మధ్య అగాధం ఉన్నది. రెండవ దానికీ మూడవ దానికీ తేడా కొద్దిపాటిదే. దీనివల్ల ముఖ్యమైన సంగతి ఒకటి తేలుతున్నది. లాభంలో సింహభాగం విద్యుత్తు ఎక్కడనుంచి వచ్చిందన్న దానివల్ల రాలేదు. చిన్న పనిని పెద్ద ఇంజనునుంచి విడదీయడంవల్ల వచ్చింది. డీజిలు అదే, ఇంజను అదే. అది చక్కగా పనిచేసే వేళ శక్తిని తీసుకొని, పనిచేయలేని వేళ దానిని ఆపివేశాము, అంతే.

అయితే ఇప్పుడున్న బాటరీలు ఇందుకు చాలవా? లారీలో సాధారణంగా 12 వోల్టుల సీసపు బాటరీలు రెండింటిని వరుసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. ఒక్కొక్కటి 150 ఆంపియర్-గంటలదైతే మొత్తం 3.6 యూనిట్లు. సీసపు బాటరీని సగానికంటె లోతుగా ఖాళీచేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది. పైగా తెల్లవారి ఇంజనును తిప్పడానికి కొంత మిగలాలి. అంటే రెండు గంటలైనా నిద్ర పట్టనీయదు. 8 యూనిట్లు ఇవ్వగల లిథియం బాటరీ 70 కిలోల వరకు తూగుతుంది. అదే పని సీసపు బాటరీలతో చేయాలంటే 400 కిలోలు దాటుతుంది.

రొయ్యల ప్రయాణం

విశాఖ రేవు 1933లో తెరచినప్పుడు దాని ముఖ్యమైన సరుకు ఖనిజాలే. నేడు అదే రేవు దేశంలో సముద్రాహారం ఎగుమతిచేసే రేవులలో ముందువరుసలో ఉన్నది. గోదావరి జిల్లాల చెరువులలో పెరిగిన వనామి రొయ్యలను శుద్ధిచేసి, గడ్డకట్టించి, మైనస్ 18 డిగ్రీల చలిలో కంటెయినర్లలో పెట్టి, లారీలమీద విశాఖకు తెస్తారు. ఇక్కడి కంటెయినర్ టెర్మినల్ 2003 నుంచి పనిచేస్తున్నది.

రీఫర్ అనే ఈ చల్లని కంటెయినరు నిజానికి విద్యుత్ యంత్రమే. దాని ముఖంమీదనే శీతలీకరణ యంత్రం అమర్చి ఉంటుంది. సుమారు 400 వోల్టుల, మూడు ఫేజుల విద్యుత్తు దానికి ఆహారం. కర్మాగారంలో ప్లగ్గు పెడతారు, రేవు ఆవరణలో ప్లగ్గు పెడతారు, ఓడమీద కూడ ప్లగ్గు పెడతారు. రోడ్డుమీద ఉన్నంతసేపు మాత్రం ప్లగ్గు లేదు. అందుకని ట్రెయిలరుకుగాని, కంటెయినరుకుగాని ఒక డీజిలు జనరేటరును తగిలించి నడుపుతారు. రోడ్డు ప్రయాణమే ఈ గొలుసులో డీజిలు లంకె.

40 అడుగుల రీఫరుకు గడ్డకట్టిన సరుకుతో సగటున 4 కిలోవాట్లు కావాలనుకొందాము. జనరేటరు సామర్థ్యమో, 15 కిలోవాట్ల వరకు ఉంటుంది. యంత్రం మొదలుపెట్టే క్షణంలో ఎక్కువ శక్తి కావాలి కనుక అంతది పెట్టక తప్పదు. నాలుగింట ఒకవంతు బరువుతో నడిచే జనరేటరు గంటకు 2 నుంచి 3 లీటర్లు తాగుతుంది. కాకినాడనుంచి విశాఖకు సుమారు 150 కిలోమీటర్లు. ప్రయాణం, గేటు దగ్గర కాచుకొనడం కలిపి 5 గంటలైతే 12 లీటర్లకు పైగా డీజిలు, 33 కిలోల కార్బన్ డయాక్సైడు. పైగా లారీ ఇంజనుకు ఉన్నన్ని శుద్ధి పరికరాలు ఈ చిన్న ఇంజనుకు సాధారణంగా ఉండవు.

ఇదే పనికి బాటరీ పెడితే 5 గంటలకు 20 యూనిట్లు కావాలి. కర్మాగారంలో సరుకు ఎక్కించే వేళలోనే దానిని నింపవచ్చు. కార్బన్ డయాక్సైడు, బొగ్గు విద్యుత్తుతోనైనా, 19 కిలోలకు మించదు. బాటరీ బరువు 170 కిలోల వరకు ఉంటుంది. దాని బదులు దిగిపోయే జనరేటరు, దాని ట్యాంకు అర టన్నుకు పైగా తూగుతాయి. కనుక ఇటువంటి తక్కువ దూరాలకు బరువు అడ్డంకి కాదు. దారిలో రెండు రోజులుండే ప్రయాణాలకు మాత్రం బాటరీ ఇంకా చాలదు.

చల్లదనాన్ని దాచుకొనడం

విద్యుత్తునే కాక చల్లదనాన్ని కూడ నిలువచేయవచ్చు. ఇది విద్యార్థులు తేలికగా గ్రహింపగల భౌతికశాస్త్రం. బయట 35 డిగ్రీలు, లోపల మైనస్ 18. తేడా 53 డిగ్రీలు. రీఫరు గోడలగుండా ఈ తేడాకు గంటకు సుమారు 2 యూనిట్ల ఉష్ణం, అనగా 7,200 కిలోజౌళ్ళు, లోపలికి జొరబడుతుంది. లోపల 20 టన్నుల రొయ్యలున్నాయి. గడ్డకట్టిన రొయ్యల విశిష్టోష్ణం కిలోకు సుమారు 2 కిలోజౌళ్ళు. 20,000 కిలోలను ఒక డిగ్రీ వేడిచేయడానికి 40,000 కిలోజౌళ్ళు కావాలి. అందువల్ల యంత్రం ఒక గంట ఆగితే సరుకు సగటు ఉష్ణోగ్రత పెరిగేది 0.2 డిగ్రీ కంటె తక్కువే.

అలాగని యంత్రాన్ని ఆపి ఊరకుండరాదు. ఈ ఉష్ణం సరుకంతటికీ సమానంగా పంచుకోబడదు. గోడల పక్కన, తలుపు పక్కన ఉన్న పెట్టెలు ముందుగా వేడెక్కుతాయి. కాని తలుపు తెరవనంతవరకు కొద్ది నిమిషాల విరామంవల్ల మునిగిపోయేదేమీ లేదు. విద్యుత్తుతో నడిచే యంత్రం ఈ వెసులుబాటును వాడుకొనగలదు: శక్తి సమృద్ధిగా ఉన్న వేళ ఎక్కువగా, లేని వేళ తక్కువగా నడవగలదు.

ఐస్ క్రీము బండ్లలో ఈ సూత్రమే ఇంకా స్పష్టంగా కనబడుతుంది. నీటిలో 23 శాతం ఉప్పు కలిపితే ఆ ద్రావణం మైనస్ 21 డిగ్రీల వద్ద గడ్డకడుతుంది. అది కరిగేటప్పుడు కిలోకు సుమారు 235 కిలోజౌళ్ళ గుప్తోష్ణాన్ని పీల్చుకొంటుంది. కరిగేదాకా ఉష్ణోగ్రత పెరగదు. ఇటువంటి ద్రావణం నింపిన పలకలను బండి లోపలి గోడలకు అమర్చి, రాత్రి ప్లగ్గు పెట్టి గడ్డకట్టిస్తారు. గంటకు అర యూనిట్టు ఉష్ణం చొరబడే చిన్న బండికి 8 గంటలలో తీయవలసినది 4 యూనిట్లు, అనగా 14,400 కిలోజౌళ్ళు. దానిని 235 చేత భాగిస్తే సుమారు 60 కిలోల ద్రావణం చాలని తేలుతుంది. తలుపు మాటిమాటికి తెరిచే బండికి మరికొంత కలుపుకోవాలి. పగలంతా ఇంజనుతోగాని, బాటరీతోగాని పని లేదు.

ఎత్తడానికి, ఆపడానికి

ఉక్కు కర్మాగారం చుట్టూ తిరిగే టిప్పర్ల లెక్క ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. 20 టన్నుల బరువును ఒకటిన్నర మీటరు ఎత్తడానికి కావలసిన పని 20,000 × 9.8 × 1.5, అనగా 2,94,000 జౌళ్ళు. యూనిట్టు అంటే 36,00,000 జౌళ్ళు. కనుక ఆ పని యూనిట్టులో పన్నెండవ వంతు మాత్రమే! పంపులో, నూనె గొట్టాలలో సగం పోయినా, ఒక్క యూనిట్టుతో ఆరుసార్లు బాడీ ఎత్తవచ్చు. ఇంత చిన్న పనికి నేడు డ్రైవరు యాక్సిలరేటరు తొక్కి భారీ ఇంజనును పెద్దగా అరిపిస్తాడు. చిన్న మోటారు, చిన్న బాటరీ ఆ పని నిశ్శబ్దంగా చేయగలవు.

బాటరీ ఉంటే మరొక లాభం కూడ ఉన్నది. 40 టన్నుల బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దానిలో ఒకటిన్నర యూనిట్ల గతిజశక్తి ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు అదంతా డ్రమ్ములలో వేడిగా మారి గాలిలో కలుస్తుంది. ట్రెయిలరు ఇరుసుకే జనరేటరు అమర్చి, ఆ శక్తిని పట్టి శీతలయంత్రానికి ఇచ్చే పద్ధతి ఐరోపాలో వాడుకలోకి వచ్చింది. సగం చేతికందినా ఒక్క బ్రేకుతో రీఫరు పదకొండు నిమిషాలు నడుస్తుంది.

రైలు చూపిన దారి

ఇదంతా కొత్త ఊహ అనుకోనక్కరలేదు. మన రైళ్ళు ఈ మార్పును ఇప్పటికే చూచాయి. దూరప్రయాణపు రైళ్ళ చివర హోరుమని మోగే జనరేటరు పెట్టె ఉండేది. పైన 25,000 వోల్టుల తీగ ఉండగానే, కింద బోగీలలోని దీపాలకు, ఫ్యాన్లకు, చల్లని పెట్టెలకు డీజిలు మండించేవారు. విద్యుత్ ఇంజనే పైతీగనుంచి తీసుకొన్న విద్యుత్తును మార్చి బోగీలకు అందించే పద్ధతి ఇటీవలి సంవత్సరాలలో విస్తారంగా అమలులోకి వచ్చింది. ఆ రైళ్ళలో జనరేటరు మూగపోయింది, డీజిలు మిగిలింది. ప్రయాణికుడికి తేడా తెలియలేదు. స్టేషనులో నిలుచున్నవారి చెవులకు, ముక్కులకు తెలిసింది.

లారీకి పైతీగ లేదు. కాని లారీ ఎక్కువసేపు ఆగే స్థలాలు మనకు తెలుసు: రేవు గేటు, కర్మాగారపు ఆవరణ, లారీ స్టాండు, దాబా. ఆ నాలుగు చోట్ల ప్లగ్గులు పెడితే పైతీగ చేసే పనిలో పెద్దభాగం జరిగినట్లే.

పొగ ఎక్కడికి పోయింది?

బాటరీని తీగనుంచి నింపితే పొగ మాయమయిందా? లేదు. దానిలో కొంత పరవాడ దగ్గర ఉన్న సింహాద్రి బొగ్గు విద్యుత్ కేంద్రం వంటి చోటికి మారింది. ఈ నిజాన్ని దాచడం శాస్త్రధర్మం కాదు. అయితే మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. మన లెక్కప్రకారం మొత్తం పొగే తగ్గింది. ఎత్తయిన గొట్టంనుంచి, శుద్ధి పరికరాల తరువాత వెలువడే పొగకూ, నిద్రించే మనిషి ముక్కుకు నాలుగడుగుల దూరంలో వెలువడే పొగకూ భేదమున్నది. మూడవది, విద్యుత్తు ఏటేటా శుభ్రపడగలదు. సింహాద్రి కేంద్రపు జలాశయంమీదనే 2021లో 25 మెగావాట్ల తేలియాడే సౌర ఫలకాలు పనిలోకి వచ్చాయి. డీజిలు లీటరునుంచి వచ్చే కార్బన్ డయాక్సైడు మాత్రం ఎన్నటికీ 2.7 కిలోలే.

విశాఖకు ఇది మరింత ముఖ్యం. ఉత్తరాన కైలాసగిరి కొండలు, దక్షిణాన యారాడ కొండ ఉండి నగరంలోని పారిశ్రామిక ప్రాంతం గిన్నెలా ఉంటుంది. చలికాలపు రాత్రులలో నేల త్వరగా చల్లబడి, కింద చల్లగాలి, పైన దానికంటె వెచ్చనిగాలి నిలుస్తాయి. బరువైన చల్లగాలి పైకి లేవదు. దానిలో కలిసిన పొగ కూడ లేవదు. లారీలు వరుసగా నిలిచి ఇంజన్లు తిప్పేది సరిగా ఆ వేళలోనే. 2019లో మొదలయిన జాతీయ శుద్ధవాయు కార్యక్రమంలో, గాలి నాణ్యత ప్రమాణాలను అందుకోని నగరాల జాబితాలో విశాఖ కూడ ఉన్నది. డీజిలు పొగ మనుషులకు కాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించింది. ఆ పొగను అందరికంటె ఎక్కువగా పీల్చేది డ్రైవర్లు, క్లీనర్లు, రేవు కూలీలు, రేవు దారుల పక్కన కాపురమున్నవారు.

చిక్కు ఎక్కడున్నది?

సాంకేతికంగా ఇందులో అసాధ్యమేమీ లేదు. సముద్రపు ఉప్పుగాలికి తీగల కొనలు తుప్పు పట్టకుండా, దుమ్ము చొరబడకుండా మూయాలి. వేడికి తట్టుకొనే రకం బాటరీలను ఎన్నుకోవాలి. అధిక వోల్టేజిని తాకకుండా మెకానిక్కులకు శిక్షణ ఇవ్వాలి. ఇవన్నీ చేయదగినవే.

అసలు చిక్కు ఖాతా పుస్తకంలో ఉన్నది. రాత్రంతా ఇంజను తిప్పే బండికి బాటరీ పెడితే రోజుకు 12 లీటర్లు మిగిలి, యజమాని పెట్టుబడి త్వరలోనే తిరిగివస్తుంది. కాని మనదేశంలో ఎందరో డ్రైవర్లు డీజిలు మిగిల్చడానికి ఇంజను ఆపి ఉక్కలోనే పడుకొంటారు. అక్కడ బాటరీ పెడితే యజమానికి మిగిలే డీజిలు లేదు. మిగిలేది డ్రైవరు నిద్ర. నిద్రకు ఖాతాలో పద్దు లేదు. తూగిన కంటికి జరిగిన ప్రమాదం మాత్రం ఏదో ఒకనాడు ఎవరో ఒకరి పద్దులో పడుతుంది. అందుకే ఇటువంటి మార్పును కేవలం లాభనష్టాలకు వదలివేయడం చాలదు. క్యాబినులో చల్లదనం ఉండాలన్న నిబంధన వచ్చింది. ఇంజను ఆపినా అది నిలవాలన్న నిబంధన తరువాతి మెట్టు. 2025 జూలైలో కేంద్ర ప్రభుత్వం పూర్తి విద్యుత్ లారీలకు పి.ఎం. ఈ-డ్రైవ్ పథకం కింద ప్రోత్సాహకం ప్రకటించింది. ఇప్పటికే రోడ్డుమీద ఉండి, ఇంకా పది పదిహేనేళ్ళు తిరగబోయే డీజిలు లారీలకు కూడ ఒక బాటరీ, ఒక ప్లగ్గు అందే మార్గం ఆలోచించాలి.

ఉపాధ్యాయులు ఈ లెక్కలను తరగతిలో చేయించవచ్చు. దక్షత, గతిజశక్తి, విశిష్టోష్ణం, గుప్తోష్ణం అన్నీ ఇందులో ఉన్నాయి. మన ఊరి లారీ స్టాండులో ఒక సాయంకాలం ఎన్ని బండ్లు ఇంజను తిప్పుతూ నిలిచి ఉన్నాయో, ఎంతసేపు నిలిచాయో విద్యార్థులు లెక్కపెట్టి రావచ్చు. గంటకు 2 లీటర్లు, లీటరుకు 2.7 కిలోలు అన్న రెండు అంకెలతో గుణిస్తే ఆ సాయంకాలపు పొగ బరువు తెలుస్తుంది. ఆ తరువాత, ఆ బండ్లలో ప్రతి ఇంజనూ ఏ పనికోసం తిరుగుతున్నదో డ్రైవర్లనే అడిగి వ్రాసుకోవాలి. ఆ పనికి నిజంగా అంత ఇంజను కావాలా అన్న ప్రశ్న అప్పుడు దానంతటదే పుడుతుంది.